సముద్రమట్టం నుంచి ఫిల్మ్ నగర్‌కి ఒక మోకాలి ప్రయాణం

మా గవర్రాజు మావయ్య కుడి మోకాలిని కాకినాడ నుంచి హైదరాబాదు తీసుకెళ్ళే బాధ్యత ఎనభైల చివర్లో ఒక శ్రావణమాసంలో నా నెత్తిన పడింది. మోకాలి వెంట మావయ్య కూడా వచ్చాడు గానీ, పిలుపు మాత్రం మోకాలికే వచ్చింది.

ఆ మోకాలి సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మావయ్య కాకినాడ రేవులో ముప్ఫయ్యేళ్ళు తుపాను హెచ్చరికల జెండాలు ఎగరేసిన మనిషి. కుర్రతనంలో పడవ మీంచి రాళ్ళగట్టు మీద పడి మోకాలు చితక్కొట్టుకున్నాడు. ఆ రోజు నుంచీ గాలిలో బరువు తగ్గితే చాలు, మోకాలు ముందు బిగుసుకుంటుంది, తరవాత లాగుతుంది, ఆ తరవాత మావయ్య చేత కేక వేయిస్తుంది. బిగుసుకుంటే జల్లు, లాగితే వాన, కేక వేస్తే తుపాను. వేటకెళ్ళే పడవలవాళ్ళు పొద్దున్నే మా అరుగు మీద కూచుని ఆ కేక కోసం చెవులు రిక్కించుకుని ఉండేవారు. కేక వినపడ్డ రోజు ఒక్క పడవ కదిలేది కాదు. ఒకసారి కాలికి తేలు కుట్టి ఆయన కేక వేస్తే ఊళ్ళో మూడు రోజులు చేపలు దొరకలేదు.

పిలిచింది ప్రసాదు. మావయ్య చిన్ననాటి స్నేహితుడి కొడుకు. మద్రాసులో పదేళ్ళు సినిమా కంపెనీల్లో నలిగి, పరిశ్రమ హైదరాబాదు వైపు కదులుతున్న ఆ రోజుల్లో తనూ మూట కట్టుకుని వచ్చి ఫిల్మ్ నగర్‌లో ఒక నిర్మాత దగ్గర ప్రొడక్షన్ మేనేజరుగా కుదిరాడు. అతను రాసిన ఉత్తరం ఇంచుమించు ఇలా ఉంది: "బాబాయ్ గారూ, జూబ్లీహిల్స్ బండల మీద జాతర సెట్టు వేశాం. మొదటిసారి వాన కొట్టేసింది. మళ్ళీ వేశాం. హీరో గారు బుధవారం, గురువారం రెండు రోజులే ఇచ్చారు. ఈసారి కూడా కొట్టుకుపోతే సెట్టుతో పాటు నేనూ కొట్టుకుపోవాలని నిర్మాత గారు చెప్పేశారు. దయచేసి మీ మోకాలిని తీసుకుని రండి."

మావయ్య ఆ ఉత్తరం వీధి వీధంతా చదివి వినిపించాడు. మర్నాడు మోకాలికి ఆముదం పట్టించి, సోమవారం సాయంత్రం ఐదుంబావుకి కాకినాడ స్టేషన్లో సికింద్రాబాదు బండి ఎక్కాం. సామాను: ఒక పరుపుచుట్ట, పులిహోర పొట్లాలు నాలుగు, రేవు ఆఫీసు వేలంలో మావయ్య కొన్న ఇత్తడి బారోమీటరు ఒకటి. ఈ చివరిదాన్ని ఆయన ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. టిక్కెట్టు పరీక్షకుడు గడియారమనుకుని టైమెంతండీ అని అడిగాడు. "ఇరవై తొమ్మిది అంగుళాల ఎనిమిది" అన్నాడు మావయ్య. ఆయన మా టిక్కెట్లు చూడకుండానే వెళ్ళిపోయాడు.

సామర్లకోటలో మా ఎదుటి సీట్లోకి ఒక ఇల్లాలు ఎక్కింది. నుదుటికి తడిగుడ్డ కట్టుకుని ఉంది. "మబ్బు పట్టిందంటే చాలండి, ఈ కణత డప్పు కొట్టినట్టు కొట్టుకుంటాది" అంది, ఎవరూ అడక్కుండానే.

మావయ్య జాలిగా నవ్వాడు. "అది బ్రాంచాఫీసమ్మా. హెడ్డాఫీసు ఇదుగో" అని మోకాలు చూపించాడు.

"మీక్కూడానా అండీ?"

"నాక్కూడా కాదు. నాకే." ఆ తరవాత రాజమండ్రి దాకా ఆయన గాలి బరువు గురించి ఉపన్యసించాడు. గాలి మనల్ని నాలుగు వైపులా నొక్కిపట్టి ఉంటుందట. వాన ముందు ఆ పట్టు సడలుతుందట. అప్పుడు కీళ్ళలో ఉన్న నీరూ కండరాలూ ఇదే సందని ఉబ్బి, పాత దెబ్బల్ని లేపుతాయట. ఆ ఇల్లాలికి రాజమండ్రిలో రెండో కణత కూడా మొదలైంది.

మంగళవారం ఉదయం ఖాజీపేటలో టీ. మట్టి రంగు టీ గానీ, వేడిగా ఉంది. అక్కడికే మావయ్య కాలు చాపడం, ముడవడం మొదలుపెట్టాడు. "ఒరే, ఏదో తేడాగా ఉందిరా" అన్నాడు. రాత్రంతా పక్క బెర్తులో కాళ్ళు ముడుచుకు పడుకుంటే ఇంకేముంటుంది అనుకున్నాను నేను. ఏడూ నలభైకి సికింద్రాబాదు. స్టేషన్ బయట ఇడ్లీ తిని, బేగంపేట మీదుగా వెళ్ళే సిటీ బస్సు పట్టుకుని, పంజగుట్ట దాటి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర దిగేసరికి తొమ్మిదిన్నర. మీరెవరైనా ఈ దారిన వెళ్ళదలిస్తే కిటికీ పక్క సీటు చూసుకోండి. ఎడమ పక్క కూచుంటే ఎండ, కుడి పక్క కూచుంటే ముందు కిటికీవాళ్ళు ఉమ్మిన తాంబూలం.

చెక్‌పోస్టు దగ్గర ఆటో అతను మమ్మల్నీ, పరుపుచుట్టనీ, ఇత్తడి వస్తువునీ వరసగా చూశాడు.

"ఫిల్మ్ నగరా? గా గుట్టల్లకా? వాపస్ వచ్చేటప్పుడు సవారి దొరకది సాబ్. జర మీద ఇయ్యాలె."

ఇస్తామన్నాం. ఆ రోజుల్లో ఆ దారి ఎలా ఉండేదో ఇవాళ చెబితే ఎవరూ నమ్మరు. ఇరువైపులా ఏనుగులు ఒకదాని మీద ఒకటి ఎక్కి నిద్రపోయినట్టు బండలు. ఒక్కో బండ మీద ఇంకో బండ, దాని మీద ఒక గొర్రె, గొర్రె మీద ఒక కాకి. మధ్య మధ్యలో ఎవరో పెద్దమనిషి కట్టుకుంటున్న బంగళా పునాది. ఆటో ఎక్కుతున్న ఎత్తుకి నాకు చెవుల్లో గాలి బుడగలు పగిలి, కళ్ళ ముందు మంచుకొండలు కనపడ్డాయి. సరిగ్గా చూస్తే అవి సున్నం బస్తాలు.

సగం దారిలో మావయ్య కేక వేశాడు.

ఆటో అతను బ్రేకు వేశాడు. "ఏంది పెద్దాయనా, గట్ల ఒర్లుతున్నవ్? ఎవ్వనికన్న తాకిందా?"

"తుపాను" అన్నాడు మావయ్య, చెమటలు పట్టిన మొహంతో. ఆకాశం మంగలి అప్పుడే నున్నగా గీసి వదిలిన బుగ్గలా ఉంది. ఆటో అతను దాని వంక చూశాడు, మావయ్య వంక చూశాడు, నా వంక చూసి కణత దగ్గర వేలు తిప్పాడు.

ప్రసాదు ఇల్లు స్టూడియోకి కూతవేటు దూరంలో ఒక మేడ మీద గది. అతను మెట్ల దాకా ఎదురొచ్చి మావయ్యకి దణ్ణం పెట్టి, వంగి మోకాలికి కూడా పెట్టాడు. మంచి మనిషి. జుట్టు మాత్రం ఈ సెట్టు మొదలయ్యాక సగం ఊడిందని చెప్పాడు.

"బాబాయ్ గారూ, ఏమంటున్నారు?"

"నేనేమంటే ఏంట్రా, అది అంటోంది. ఇలా నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు." మావయ్య బారోమీటరు బల్ల మీద పెట్టాడు. ముగ్గురం ఒంగి చూశాం. నిన్న సాయంత్రం నడిమధ్యన నిలబడ్డ ముల్లు, వాన దాటి, గాలివాన దాటి, తుపాను అన్న అక్షరాల అంచుకి దిగి చతికిలబడి ఉంది. కాకినాడలో ముల్లు అంత కిందికి దిగితే జెండాలు ఎగరెయ్యక్కర్లేదు, రేవే ఎగిరిపోతుంది.

మోకాలూ ముల్లూ ఒక్క మాట మీదున్నాయి. రెండు సాక్ష్యాలు. ఇంకేం కావాలి? ప్రసాదు పదకొండింటికి నిర్మాత గారింటికి పరిగెత్తాడు. బుధవారం షూటింగు రద్దు. సెట్టు మీద టార్పాలిన్లు కప్పించారు. గుడి గోపురం అట్టది, దానికి తాళ్ళు కట్టించారు. రంగులరాట్నం విప్పి లారీలో పెట్టించారు. మావయ్య కుర్చీలో కాలు బల్ల మీద పెట్టుకుని, యుద్ధం నడిపే సేనాపతిలా, ఏ తాడు ఎటు లాగాలో చెప్పాడు.

బుధవారం ఉదయం ఎండ కాసింది. అలాంటిలాంటి ఎండ కాదు. టార్పాలిన్ల మీద దోసెలు పోసుకోవచ్చు. పది గంటలకి పిట్టలు నీడకి చేరాయి. పన్నెండింటికి నిర్మాత గారు కారు దిగి, టార్పాలిన్ ఎత్తి లోపలికి చూసి, మళ్ళీ దించి, ప్రసాదుని పిలిచారు. ఆయన బొంగురు గొంతు బండల మధ్య రెండుసార్లు వినపడేది, ఒకసారి ఆయన అన్నప్పుడు, ఒకసారి బండ అన్నప్పుడు.

"ఏవయ్యా, హీరో గారి ఒక రోజు పోయింది. ఎవరి మాట మీద పోయిందంటే ఏం చెప్పాలి? మోకాలి మాట మీదా? రేపు సాయంత్రానికి జాతర పూర్తి కాకపోతే నువ్వు నాకు కనపడకు. మోకాలన్న మాట కూడా ఈ గుట్టల్లో వినపడకూడదు."

కనపడకూ కనపడకూ అన్నాయి బండలు.

మావయ్య అన్నం తినలేదు. తేలు కుట్టిన కేక పక్కన పెడితే, ముప్ఫయ్యేళ్ళలో ఆయన మాట అబద్ధమవడం ఇదే మొదలు. "నాకేమైందిరా? ముసలితనమా?" అన్నాడు గోడకేసి చూస్తూ. అంతవరకూ ఆయన్ని ఆటపట్టించడానికి మంచి మాటలు పోగుచేసి పెట్టుకున్న నేను వాటిని జేబులోంచి తియ్యలేకపోయాను.

సాయంత్రం ఐదున్నరకి నేనే బలవంతాన బంజారాహిల్స్ దారిలో ఉన్న ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బారోమీటరు కూడా ఆయన చంకలోనే వచ్చింది. డాక్టరు గుంటూరాయన. కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని మోకాలు నొక్కి చూశాడు, తరవాత బారోమీటరు నొక్కి చూశాడు, తరవాత మొహం పక్కకి తిప్పుకుని నవ్వాపుకున్నాడు.

"ఏ ఊరండీ మీది?"

"కాకినాడ."

"సముద్రం ఎంత దూరం?"

"మా దొడ్డి గుమ్మంలోంచి కనపడుతుంది."

"ఇప్పుడు మీరు సముద్రానికి పద్దెనిమిది వందల అడుగుల పైన కూచున్నారండీ. మీ ఊళ్ళో మీ నెత్తి మీదుండే గాలిలో కొంత ఇక్కడ మీ కాళ్ళ కిందుంది. పైనుంచి నొక్కే బరువు తగ్గింది. వానకి తగ్గలేదు, ఎత్తుకి తగ్గింది. ఈ యంత్రం అక్కడి లెక్కకి బిగించింది. వెనకాల మర ఉంటుంది, ఎక్కడికి పోతే అక్కడికి తిప్పుకోవాలి. లేకపోతే హైదరాబాదులో ఏడాది పొడుగునా తుపానే చూపిస్తుంది."

మావయ్య బారోమీటరు తిరగేసి వెనకాల మర తడిమి చూశాడు. తరవాత మెల్లిగా, "మరి మోకాలికి మరెక్కడుంది డాక్టరు గారూ?" అన్నాడు.

"అది దానంతటదే తిప్పుకుంటుందండీ, రెండు మూడు రోజుల్లో. మార్పు జరిగేటప్పుడే దానికి బాధ. మారి కుదురుకున్నాక ఊరుకుంటుంది. పైగా రాత్రంతా కాలు ముడుచుకుని రైల్లో వచ్చారు. సగం నెప్పి రైలుది." ఆయన చీటీ రాస్తూ ఇంకో మాట కూడా అన్నాడు: "నిజం చెప్పాలంటే ఈ గాలి బరువుకీ కీళ్ళ నెప్పులకీ సంబంధం ఎంతో మా వాళ్ళూ ఇంకా తేల్చలేదండీ. కొందరికి తెలుస్తుంది, కొందరికి తెలీదు, కొందరికి తెలిసినట్టనిపిస్తుంది. తలనెప్పి వాళ్ళకీ అంతే. నెప్పి మాత్రం నిజం. వేడినీళ్ళ కాపడం పెట్టండి, నడవండి, జోస్యం మానెయ్యండి."

కనక కోస్తా నుంచి ఈ గుట్టలకి వచ్చే ప్రయాణికులకు నా మనవి: మీ మోకాళ్ళనూ, మోచేతులనూ, కణతలనూ రెండు రోజుల దాకా ఏమీ అడక్కండి. అవి కొత్త ఊళ్ళో దిగిన చుట్టాల్లాంటివి. ఏది అడిగినా కంగారుగానే చెబుతాయి.

ఆ రాత్రికి మోకాలు నిజంగానే చల్లబడింది. గురువారం తెల్లవారుజామున ఐదింటికి మావయ్య నన్ను లేపాడు. మంచం మీద కూచుని రెండు చేతులతో మోకాలు పట్టుకుని ఉన్నాడు.

"లాగుతోందిరా."

"మళ్ళీనా?"

"ఇది వేరు. మొన్నటిది అరుపు. ఇది మా ఊరి లాగుడే. మజ్జాన్నానికి వాన." గొంతు తగ్గించాడు. "చెప్పమంటావా, మానమంటావా?"

చెప్తే నవ్వుతారు. నవ్వకుండా నమ్మితే ఇంకా ప్రమాదం, మళ్ళీ ఎండ కాస్తే ప్రసాదు పని అయిపోతుంది. చెప్పకుండా ఉండి వాన పడితే సెట్టు పోతుంది, అప్పుడూ ప్రసాదు పని అయిపోతుంది. ఏమీ తేల్చుకోలేక ఇద్దరం చొక్కాలు తొడుక్కుని లొకేషన్‌కి నడిచాం.

ఐదున్నరకే రహమత్ నగర్ నుంచి నాలుగు లారీలు వచ్చేశాయి. జాతరలో జనం కావాలిగా, ఆ జనం వాళ్ళే. రంగు చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని, బండల మీద కూచుని ఉన్నారు. ఒక పక్కగా యాభై దాటిన ఒకావిడ ముక్కుపుడక సరిచేసుకుంటూ, మధ్య మధ్య ఎవరూ చూడకుండా కుడి మోచెయ్యి పిసుక్కుంటోంది. మావయ్య కళ్ళు అక్కడ ఆగిపోయాయి. ముప్ఫయ్యేళ్ళు సముద్రాన్ని చూసిన కళ్ళు, వాటికి నెప్పి దూరం నుంచే కనపడుతుంది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా అది?" అని అడిగాడు దగ్గరికెళ్ళి.

ఆవిడ చెయ్యి గబుక్కున కొంగులో దాచేసింది. "ఏం లేదన్నా. ఉత్తగనే."

"ఉత్తగనే కాదు. పాత దెబ్బ. ఎప్పటిది?"

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. పక్కనున్న పిల్ల ఏదో చెవిలో చెప్పింది. ఆవిడ మొహం మారింది.

"నువ్వేనా గా మోకాలాయనవు?"

మావయ్య తల దించుకున్నాడు.

"మంచిగ జేసినవన్నా! షూటింగ్ లేదని మాకెవ్వరు జెప్పలే, నిన్న గీడికొచ్చినంక వాపస్ పొమ్మన్నరు. రెండొందల మందిమి. పొద్దున నాలుగింటికి లేసి, పిల్లలకు ఉడకేసి పెట్టి, ఇంత మొహాలు కడుక్కొని వచ్చినం. ఒక్క షాటన్నా పడితే దినం కూలి పడ్డట్టు. పడకపోతే ఏం లేదు. నా బిడ్డకు మందుల చీటీ అట్లనే ఉంది." కోపం కాదది, కోపమైతే ఎంతో బాగుండేది. "ఎండల నడుసుకుంట పోయినం ఇండ్లకు. గంత ఎండ!"

నేనెప్పుడూ మావయ్యని అంత చిన్నగా చూళ్ళేదు. ఆయన ఆవిడ ఎదురుగా ఉన్న బండ మీద కూలబడ్డాడు. కాకినాడలో ఆయన కేక తప్పయితే పడవ ఒడ్డున ఉంటుంది, అంతే కదా అనుకునేవాడు. ఒడ్డునున్న పడవ వాళ్ళ ఇంట్లో ఆ పూట పొయ్యి సంగతేమిటో ఆయనా అడగలేదు, మేమూ అడగలేదు.

"తప్పయిందమ్మా" అన్నాడు. "మా ఊరు పల్లంలో ఉంది. మీ ఊరు మిట్టన ఉంది. తెలీక ఆ మోకాలితో ఈ ఊరికి చెప్పేశాను." ఆవిడ కొంగు వైపు చూసి, "నీ మోచెయ్యి ఈ ఊరిదేగా?" అన్నాడు.

"ఈ ఊరిదే. గీ గుట్టలల్లనే బండ గొట్టంగ ఇరిగింది." ఆవిడకి నవ్వొచ్చింది. "అప్పటిసంది వానకు ముందుగాల నాకే జెప్తది."

"ఇప్పుడేమంటోంది?"

ఆవిడ చుట్టూ చూసింది. గొంతు బాగా తగ్గించింది. "నిన్న మాపటేల సంది గుంజుతాంది. పన్నెండు గొట్టి పగటీలి దాటినంక వాన గ్యారంటీ. గని నేను జెప్ప. జెప్తే ప్యాకప్ అంటరు, మళ్ళ వాపస్ పొమ్మంటరు. నువ్వు గూడ జెప్పకన్నా, నీకు దండం బెడ్త."

ఆవిడ పేరు యాదమ్మ. గాలి బరువు గురించి ఆ నాలుగు రోజుల్లో నేను విన్న మాటలన్నిటిలోకీ ఈ మాట బరువైంది.

మావయ్య లేచాడు. అప్పుడే టీ గ్లాసుతో వస్తున్న ప్రసాదుని బండ చాటుకి లాగాడు. "ఒరే అబ్బాయ్, ఆపొద్దు. ముందుకి జరుపు. నీ ప్లాను ఎలా ఉంది?"

"తొమ్మిదింటికి హీరో హీరోయిన్ల మీద మొదలు. జనంతో జాతర మధ్యాన్నం నుంచి, బాబాయ్ గారూ."

"తిరగెయ్. జాతర ఇప్పుడే తీసెయ్. గోపురం, రాట్నం, జనం, అన్నీ భోజనాల వేళకి అయిపోవాలి. హీరో మాటలు ఏ అరుగు మీదైనా తీసుకోవచ్చు."

"అంటే వానా?" ప్రసాదు మొహం పాలిపోయింది. "మోకాలేనా?"

"ఈసారి మోచెయ్యి కూడా."

ప్రసాదు టీ గ్లాసు బండ మీద పెట్టి, దాని వంక చూస్తూ నిలబడ్డాడు. "నిర్మాత గారికి ఏమని చెప్పను? కీలు అన్న మాట వింటేనే ఆయన నన్ను విరిచేస్తారు." ఉన్నట్టుండి అతని మొహం వెలిగింది. పదేళ్ళు సినిమాల్లో ఉన్న మనిషి గదా. పక్క బంగళాలోకి వెళ్ళి ఫోను తీశాడు. మేం కిటికీ అవతల నిలబడి విన్నాం.

"సార్, తెల్లారగట్ల సిద్ధాంతి గారు కబురు చేశారండీ. కాకినాడ సిద్ధాంతి గారు. చాలా పెద్దవారు, ఎవరికీ చెప్పరండీ. నిన్నటి దోషం పోవాలంటే ఇవాళ ఆరూ యాభై రెండుకి మొదటి షాటు పడాలన్నారు. జనంతోనే పడాలన్నారు సార్. మధ్యాన్నం రెండు తరవాత జాతర కెమెరా ముందుకి రాకూడదన్నారు."

ఫోనులోంచి గొంతు మాదాకా వినపడింది. "ఈ ముక్క ముందే చెప్పవేంటయ్యా! గడియారం చూసుకో! నేనే వచ్చి కొబ్బరికాయ కొడుతున్నా!"

వాతావరణ శాఖ వారు చెప్పినా, డాక్టరు చెప్పినా, గాలే దిగి వచ్చి చెప్పినా మొదలవని ఆ షూటింగు, లేని సిద్ధాంతి మాట మీద సెకను తేడా లేకుండా ఆరూ యాభై రెండుకి మొదలైంది. పళ్ళు తోముకోకుండా వచ్చిన దర్శకుడు కేకలు వేస్తున్నాడు. రంగులరాట్నం లారీలోంచి దిగి పావుగంటలో తిరగడం మొదలెట్టింది. మొదటి షాటు పడ్డాక యాదమ్మ మా వైపు చూసి మోచెయ్యి కొంగులోంచి బయటికి తీసి, దర్జాగా, అందరి ముందూ పిసుక్కుంది.

నేను ఆ ఉదయాన్ని మరిచిపోలేను. బండల మీద పసుపు, ఎరుపు, ఆకుపచ్చ చీరలు; డప్పులు; అట్ట గోపురం మీద నిజమైన ఎండ. రెండు వందల మంది రెండు వేల మందిలా కనపడాలని ఆ చివర నుంచి ఈ చివరకి పరిగెత్తి మళ్ళీ నిలబడేవారు. యాదమ్మ ఒక్కర్తే ఆ జాతరకి పదకొండుసార్లు వచ్చింది. పన్నెండూ ఇరవైకి దర్శకుడు "జాతర ఓకే" అన్నాడు. పెరుగన్నం, పచ్చడి, అరటికాయ వేపుడు అందరికీ. ఒంటి గంటకి గాలి ఆగింది. ఆకు కదల్లేదు. మావయ్య తినడం ఆపి చెయ్యి మోకాలి మీద వేసుకున్నాడు. అటు పక్క యాదమ్మ మోచెయ్యి పట్టుకుంది. ఒకరినొకరు చూసుకుని ఇద్దరూ అన్నం కలుపుకున్నారు.

రెండూ ఇరవైకి వాన పడింది. పడిందనకూడదు, ఎవరో పైనుంచి హుస్సేన్ సాగర్‌ని బోర్లించారు. అట్ట గోపురం ముందు వంగింది, తరవాత కూచుంది, తరవాత తేలుతూ చెక్‌పోస్టు వైపు ప్రయాణం కట్టింది. హీరో గారు బంగళా వరండాలో తన మాటలు చెప్పుకుంటూ వెనక వాన పడుతుంటే చాలా బాగుందన్నారు. నిర్మాత గారు గొడుగు కింద నిలబడి కొట్టుకుపోతున్న గోపురానికి దణ్ణం పెట్టి, ప్రసాదుని కావలించుకున్నారు.

"ఎవరయ్యా ఆ మహానుభావుడు? రెండు తరవాత కూడదన్నాడు! నేను స్వయంగా వెళ్ళి కాళ్ళ మీద పడతాను."

"మౌనవ్రతంలో ఉన్నారు సార్. ఎవర్నీ చూడరు" అన్నాడు ప్రసాదు. అతని మొహంలో రక్తం మళ్ళీ కనపడింది. ఆ కంపెనీలో అతను ఆ తరవాత చాలా ఏళ్ళు పనిచేశాడు.

చూడకపోతే సన్మానం మానేస్తారా? శుక్రవారం పొద్దున్నే జరీ అంచు పట్టు శాలువా, పళ్ళబుట్ట వచ్చాయి. "ఈయన ఎలాగూ కాకినాడ వెళ్తున్నారుగా, సిద్ధాంతి గారికి అందించమనండి" అన్నారట నిర్మాత గారు. "ఈ మోకాలి జబ్బు కూడా ఆయనకే చూపించుకోమనండి" అని కూడా అన్నారట. మావయ్య పళ్ళబుట్ట ఆటోలో పెట్టించి రహమత్ నగర్ వెళ్ళి, సందులన్నీ తిరిగి, యాదమ్మ ఇల్లు వెతికి పట్టుకుని ఇచ్చి వచ్చాడు. ఆవిడ టీ ఇచ్చింది. ఇద్దరూ అరగంట నెప్పుల గురించి మాట్లాడుకున్నారు. నేను ఉదయపు బస్సులు వెళ్ళిపోవడం చూస్తూ కూచున్నాను.

ఈ మధ్య పని మీద మళ్ళీ అటు వెళ్ళాను. జాతర జరిగిన చోట నాలుగంతస్తుల భవనం లేచింది. ఏనుగుల్లాంటి బండల్ని పేల్చి, ముక్కలు చేసి, అవే ఇళ్ళకి మెట్లు వేసుకున్నారు. వెతగ్గా వెతగ్గా ఒక ప్రహరీగోడ లోపల ఒక్క బండ మిగిలింది, దాని మీద పూలకుండీలు పెట్టారు. దారి కొండెక్కుతున్నప్పుడు నా ఎడమ భుజం చిన్నగా లాగింది. వయసా, ఎత్తా, వానా అని దాన్ని నేను అడగలేదు. మావయ్య ఉంటే అడిగేవాడు.

ఆ శుక్రవారానికి మళ్ళీ వస్తే, సాయంత్రం సికింద్రాబాదులో ఎక్కిన బండిలో ఆయన కాలు ఎదుటి సీటు మీద చాపి, సిద్ధాంతి గారి పట్టు శాలువా మోకాలికి చుట్టుకుని కూచున్నాడు. వరంగల్లు దగ్గర ఒక నిడదవోలు రైతు మా పక్కకి వచ్చాడు. పట్టు శాలువా చూసి, పెద్దాయన ఎవరో అనుకున్నాడు. నేను ఊరుకోకుండా మోకాలి చరిత్ర కొంచెం చెప్పాను. కొంచెం అంటే కాకినాడ రేవు మొత్తం.

రైతు కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు. "అయితే చెప్పండి బాబూ. ఎల్లుండి చేలో ఎరువు చల్లుదామనుకుంటున్నామండి. వాన పడితే అంతా కాలవలో కలిసిపోద్ది. చల్లమంటారా? ఆగమంటారా?"

మావయ్య మోకాలి మీద చెయ్యి వేశాడు. బండి దిగుతోంది, మిట్ట నుంచి పల్లానికి. కిటికీలోంచి గాలి వస్తోంది. ఆయన చాలాసేపు చూసి, చెయ్యి తీసేశాడు.

"నాకు తెలీదండీ" అన్నాడు.

నాకు ఊహ తెలిశాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. రైతు చిన్నబుచ్చుకున్నాడు. లేచి వెళ్ళబోతుంటే మావయ్య ఆపాడు.

"రేడియో వినండి. మీ ఇంట్లో ఎవరికైనా పాత దెబ్బలున్నాయా?"

"మా అమ్మకి నడుం నెప్పండి. ఇరవయ్యేళ్ళ నుంచి."

"వాన ముందు ఎక్కువవుద్దా? పైన పట్టేస్తాదా, కిందనా? పొద్దున్నా, సాయంత్రమా?" అంటూ మావయ్య శాలువా చుట్టిన కాలు కిందికి దించి, ఆ సీటు రైతుకి చూపించాడు. "కూచోండి. నెమ్మదిగా చెప్పండి."